లొంబోక్ తీరంలో స్థలం కొంటే చేతికి వచ్చేదేమిటి?

బాలికి తూర్పున జలసంధి దాటితే లొంబోక్ దీవి. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా కన్నా చిన్నది. జనాభా దాదాపు 40 లక్షలు, ఎక్కువమంది ససక్ జాతికి చెందిన ముస్లింలు. ఈ దీవి దక్షిణ తీరంలో కుతా, గెరుపుక్, సెలొంగ్ బెలానక్ లాంటి ఊళ్లు ఉన్నాయి. అక్కడ సముద్రం కనిపించే స్థలాలు అమ్ముతామంటూ ఇంటర్నెట్ నిండా ప్రకటనలే. ధర 'ఆర్' లెక్కన చెబుతారు. ఒక ఆర్ అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో 120 గజాలు, అంటే దాదాపు రెండున్నర సెంట్లు. బాలి కన్నా చవక, విమానాశ్రయం దగ్గర, పక్కనే మోటార్ రేసింగ్ ట్రాక్ అని ఊరిస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ స్థలంలో ఇప్పుడు ఎవరు బతుకుతున్నారు, దాన్ని అమ్మే హక్కు ఎవరికి ఉంది, కొన్నవాడికి ఏ హక్కు దక్కుతుంది అన్న మూడు ప్రశ్నలకు ప్రకటనలో జవాబు ఉండదు. ఈ తీరంలో చాలాచోట్ల స్వాధీనం ఒకరిది, కాగితం ఇంకొకరిది, డబ్బు మూడోవాళ్లది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ముందు ఆ ఊళ్లలో బతుకు ఎలా గడుస్తుందో చూడాలి. భూమి ఎందుకు అమ్ముడవుతోందో అందులోనే తెలుస్తుంది.

లొంబోక్ ఉత్తరాన 3,726 మీటర్ల రింజని అగ్నిపర్వతం ఉంది. దాని వాలుల్లో నీటికి కొదవ లేదు. దక్షిణానికి వచ్చేసరికి నేల ఎండిపోతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పడే వానలే ఆధారం, వాటితో పండేది ఒక్క వరి పంట. 1980ల నుంచి ఇక్కడ 'గోగో రంచా' అనే పద్ధతి వాడుతున్నారు. వానలకు ముందే పొడి దుక్కిలో విత్తనం వేసి, వానలు పడ్డాక మడిలో నీళ్లు నిలబెడతారు. మన దగ్గర వెద వరి వేసే రైతులకు ఇది కొత్తగా అనిపించదు. వరి కోశాక నీళ్లున్నచోట పొగాకో మరో ఆరుతడి పంటో వేస్తారు, లేనిచోట బీడు. ఇక్కడికి దగ్గర్లోని సాదె గ్రామంలో మట్టి ఇళ్ల నేలను ఇప్పటికీ గేదె పేడతో అలుకుతారు. టూరిస్టులు ఆగి ఫొటోలు తీసుకుంటారు. అలికే ఆడవాళ్లకు మాత్రం అది రోజువారీ పని.

ఊళ్లో కొత్త సిమెంటు ఇల్లు లేచిందంటే దాని వెనక చాలాసార్లు మలేసియా పామాయిల్ తోటల్లో చేసిన కూలి ఉంటుంది. కోనసీమలోనూ కరీంనగర్‌లోనూ గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇళ్లు చూసినవాళ్లకు ఇది తెలిసిన కథే. వెళ్లడానికి అప్పు చేయాలి, అప్పుకు పొలం తాకట్టు పెట్టాలి. ఇక్కడ వాడుకలో ఉన్నది స్వాధీన తాకట్టు. అప్పిచ్చినవాడు అసలు తీరేదాకా పొలం తనే సాగు చేసుకుంటాడు, ఆ పంటే వడ్డీ కింద జమ. ఇలా ఏడేళ్లు సాగు చేసుకున్నాక అసలు తీర్చకపోయినా పొలం వెనక్కి ఇచ్చేయాలని 1960 నాటి ఇండోనేషియా చట్టం ఒకటి చెబుతోంది. అప్పిచ్చినవాడు బంధువో, పెద్దమనిషో అయినప్పుడు ఆ చట్టం పట్టుకుని వాదించే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

సముద్రం వైపు పరిస్థితి ఇంకా నిలకడ లేనిది. గెరుపుక్ అఖాతంలో సముద్రపు నాచు పెంచేవాళ్లు తమ తెప్పలకు లాబ్‌స్టర్ పిల్లలు అంటుకుని ఉండటం గమనించారు. అవి పారదర్శకంగా, కంటికి ఆనీ ఆనకుండా ఉంటాయి. వాటిని పట్టడానికి వాడేది సిమెంటు సంచి కాగితం. దాన్ని మడతలు మడతలుగా మడిచి, నడుమ కట్టేసి, వరసలుగా చట్రానికి బిగించి, రాత్రి దీపం వెలుగులో నీళ్లలోకి దించుతారు. పిల్లలు ఆ మడతల్లోకి చేరతాయి. వాటిని ఒక్కొక్కటిగా ఏరి, లెక్కపెట్టి దళారీకి ఇస్తారు. చివరికి అవి చేరేది ఎక్కువగా వియత్నాం పెంపకందారులకు. వరి పంటకన్నా, చేపల వేటకన్నా ఎక్కువ డబ్బు దీనిలో కనిపించింది. అయితే 2015 నుంచి జకార్తా దీనిమీద ఆంక్షలు పెట్టింది. 2020 మేలో ఎగుమతికి తలుపులు తీసింది. అదే ఏడాది నవంబరులో మత్స్యశాఖ మంత్రి ఎధి ప్రబోవో ఆ ఎగుమతి అనుమతుల లంచం కేసులోనే అరెస్టయ్యారు. 2021లో ఎగుమతి మళ్లీ నిషేధం, 2024లో మళ్లీ అనుమతి. పదేళ్ల లోపల ఒక జాలరి ఇంటి ఆదాయం రాజధానిలో పడే సంతకాలతో ఇన్నిసార్లు తలకిందులైంది. అలాంటి ఇంటి ముందుకు నగదు పట్టుకుని బ్రోకర్ వస్తే, ఆ ఇంటాయనకు అమ్మడం తెలివితక్కువ పని అని చెప్పే అర్హత దూరాన కూర్చున్న మనకు లేదు.

ఇక కాగితాల సంగతి. ఇండోనేషియా భూమి చట్టాలకు మూలం 1960 సెప్టెంబరు 24న వచ్చిన వ్యవసాయ మౌలిక చట్టం. డచ్చివాళ్ల కాలం నాటి హక్కులను, ఊరి ఆచారపు హక్కులను ఒకే చట్టం కిందికి తేవడం దాని ఉద్దేశం. పూర్తి యాజమాన్యాన్ని 'హక్ మిలిక్' అంటారు. అది తరతరాలకు సంక్రమిస్తుంది, కాలపరిమితి లేదు. అయితే ఆ హక్కు నిరూపించే సర్టిఫికెట్ భూమి కార్యాలయంలో రిజిస్టర్ అయితేనే చేతికి వస్తుంది. పల్లెల్లో దశాబ్దాలపాటు చాలామంది ఆ కార్యాలయం గడప తొక్కలేదు. వాళ్ల దగ్గర ఉన్నవి వేరే కాగితాలు. తాతల నాటి 'పిపిల్' అనే శిస్తు పత్రం, ఏటా వచ్చే పన్ను నోటీసు, ఫలానావాడు ఫలానా భూమిని అనుభవిస్తున్నాడని ఊరిపెద్ద సంతకం చేసిన ధ్రువీకరణ ఇలాంటివి. మన దగ్గర శిస్తు రసీదు చూపించి భూమి నాదే అన్నట్టే ఇదీ. పన్ను కట్టినట్టు రుజువు అవుతుంది గానీ యాజమాన్యానికి రుజువు కాదు.

2017 నుంచి ప్రభుత్వం ఊరూరా తిరిగి సామూహికంగా సర్టిఫికెట్లు ఇచ్చే కార్యక్రమం పెద్ద ఎత్తున నడుపుతోంది. 2021లో వచ్చిన 18వ నంబరు ప్రభుత్వ నిబంధన ఇంకో అడుగు ముందుకేసింది. పాత ఆచారపు పత్రాలున్న భూములను రిజిస్టర్ చేయించుకోవడానికి ఐదేళ్ల గడువు పెట్టింది, అంటే 2026 ఫిబ్రవరి దాకా. ఆ తర్వాత ఆ పత్రాలు యాజమాన్యానికి రుజువుగా చెల్లవు, భూమి చరిత్ర తెలుసుకోవడానికి ఆనవాళ్లుగా మాత్రమే పనికొస్తాయి. చదువుకున్నవాళ్లకు, పట్టణంలో మనిషి ఉన్నవాళ్లకు ఇది సంస్కరణ. మలేసియాలో కూలి చేస్తూ, తమ్ముడి దగ్గర పిపిల్ పెట్టి వెళ్లినవాడికి ఇది గుండెల మీద కుంపటి. సర్టిఫికెట్ ఎవరి పేరున పుడుతుందో, రిజిస్ట్రేషన్ నడిచే కొద్ది నెలల్లో ఊళ్లో ఉన్నవాళ్లే తేల్చేస్తారు. పైగా 1997 నాటి రిజిస్ట్రేషన్ నిబంధన ప్రకారం, సదుద్దేశంతో భూమి పొంది, దాన్ని నిజంగా అనుభవిస్తున్నవాడి పేరున సర్టిఫికెట్ వచ్చి ఐదేళ్లు గడిచిందనుకోండి. ఆ లోపు ఎవరూ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పలేదంటే, ఆ తర్వాత దానిమీద దావా వేసే వీలుండదు.

కాగితం, స్వాధీనం విడిపోతే ఏమవుతుందో చూడాలంటే కుతా పక్కనున్న మండాలికా దాకా వెళ్తే చాలు. సుహార్తో పాలన చివరి దశాబ్దంలో, ఇక్కడ పెద్ద రిసార్టు ప్రాంతం కడతామని ఒక కంపెనీ వెయ్యి హెక్టార్లకు పైగా భూమి సేకరించడం మొదలుపెట్టింది. 1997-98 ఆర్థిక సంక్షోభంతో అది కూలిపోయింది. 2008లో దుబాయ్‌కి చెందిన ఎమార్‌తో ఒప్పందం కుదిరింది, అదీ ముందుకు సాగలేదు. ఈలోగా భూమి ఖాళీగానే ఉంది. జనం అక్కడే వరి వేశారు, పశువులు మేపారు, ఇళ్లు కట్టుకున్నారు. పిల్లలు పుట్టి పెరిగారు. 2014లో ప్రభుత్వం దాన్ని ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించి, ఐటీడీసీ అనే ప్రభుత్వరంగ సంస్థకు అప్పగించింది. 2018 డిసెంబరులో ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు 24.8 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. 2021 నవంబరులో రేస్ ట్రాక్ తెరిచారు, 2022 మార్చిలో మోటోజీపీ మోటార్‌సైకిల్ రేసు జరిగింది.

ఐటీడీసీ దగ్గర ఉన్నది 'హక్ పెంగెలోలాన్', అంటే ప్రభుత్వ భూమిని నిర్వహించే హక్కు. దాని కాగితాల ప్రకారం ఆ భూమి దశాబ్దాల కిందటే కొనేశారు. ఊరివాళ్ల వాదన వేరు. కొందరు అప్పట్లో బెదిరించి కారుచవకగా రాయించుకున్నారని అంటారు, కొందరు తమ స్థలానికి డబ్బే అందలేదంటారు, ఇంకొందరు తామసలు అమ్మనేలేదంటారు. మండలి మధ్యలో అమ్మకుండా మిగిలిపోయిన ముక్కలకు అక్కడ 'ఎన్‌క్లేవ్' భూములని పేరే ఉంది. ఎబునుట్ అనే వాడలో కొన్ని కుటుంబాలు రేస్ ట్రాక్ మలుపు లోపలే చిక్కుకుపోయాయి. బడికి వెళ్లాలన్నా, బజారుకు వెళ్లాలన్నా ట్రాక్ కింది సొరంగం గుండానే దారి. 2021 మార్చిలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల నిపుణులు ఈ వ్యవహారంపై బహిరంగంగా ఆందోళన తెలిపారు. ఇండోనేషియా ప్రభుత్వం ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. ఎవరి కాగితం నిజమైనదో తేల్చే పని ట్రాక్ కట్టకముందు జరగాల్సింది, కట్టాక జరిగింది. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు, ఇది అన్యాయం.

ఇదే తీరంలో ఏటా ఫిబ్రవరి, మార్చిల్లో 'బౌ న్యాలే' పండుగ జరుగుతుంది. రాజకుమారులు తన కోసం యుద్ధానికి దిగకూడదని మండాలికా యువరాణి సముద్రంలో దూకిందని, ఏటా రంగురంగుల సముద్రపు పురుగులై తిరిగి వస్తుందని ససక్ జనం నమ్మకం. తెల్లవారుజామున వేలమంది సెగెర్ తీరంలో నీళ్లలో దిగి వాటిని పట్టి, వండుకు తింటారు. ఆమె పేరే ఆర్థిక మండలికి పెట్టారు. సెగెర్ తీరం కూడా మండలి పరిధిలోనే ఉంది.

తీరం అనగానే ఇంకో నియమం గుర్తుపెట్టుకోవాలి. అత్యధిక పోటు గీత నుంచి లోపలికి కనీసం 100 మీటర్లు తీర రక్షణ ప్రాంతం. మన సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) లాంటిదే. 'బీచ్ ఫ్రంట్' అని అమ్మే ముక్కలో ఎంత భాగం దీనిలో పడుతుందో కొనేవాడు కొలిపించుకోవాలి. తీరంలో నియమాలు అందరి మీదా ఒకేలా పనిచేస్తున్నాయా అంటే, లేదు. 2025 జూలైలో మండాలికాలోని తంజుంగ్ ఆన్ బీచ్‌లో కొబ్బరి బొండాలు, కాఫీ అమ్ముకునే కొట్లను తొలగించారు. అదే ఏడాది జనవరిలో జకార్తా పక్కన తాంగెరాంగ్ తీరంలో 30 కిలోమీటర్ల వెదురు కంచె వార్తలకెక్కింది. ఆరా తీస్తే సముద్రపు నీళ్ల మీదే 263 నిర్మాణ హక్కు సర్టిఫికెట్లు, 17 యాజమాన్య సర్టిఫికెట్లు జారీ అయినట్టు బయటపడింది. తర్వాత వాటి రద్దు మొదలైంది. సర్టిఫికెట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి.

ఇప్పుడు బయటివాళ్ల సంగతి. భారతీయుడైనా, ఆస్ట్రేలియా వాడైనా విదేశీయుడికి ఇండోనేషియాలో హక్ మిలిక్ దక్కదు. 1960 చట్టం 21వ సెక్షన్ ఆ మాట సూటిగానే చెబుతుంది. అయినా అమ్మకాలు జరుగుతున్నాయి, ఎలా అంటే బినామీగా. స్థలం ఊళ్లో ఒకరి పేరున కొంటారు. పక్కన ఒక అప్పు పత్రం, రద్దు చేయడానికి వీల్లేని పవర్ ఆఫ్ అటార్నీ, దీర్ఘకాల లీజు, కొన్నిసార్లు వీలునామా కూడా రాయించుకుంటారు. చాలాచోట్ల దీన్ని మామూలు పద్ధతి అన్నట్టే చెబుతారు. మామూలుగా జరుగుతుంది నిజమే, కానీ చట్టం ఒప్పుకోదు. 26వ సెక్షన్ ప్రకారం నేరుగా గానీ, చాటుగా గానీ విదేశీయుడికి యాజమాన్యం చేరే లావాదేవీ చెల్లదు. భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి అడగడానికి కూడా వీల్లేదు. గొడవ కోర్టుకు వెళ్లకపోయినా ప్రమాదం తప్పదు. బినామీ చనిపోతే వారసులు వస్తారు, విడాకులు తీసుకుంటే భార్య వాటా అడుగుతుంది, అప్పులపాలైతే బ్యాంకు వస్తుంది. వాళ్లెవరూ ఆ పక్క ఒప్పందంలో సంతకం పెట్టలేదు.

సక్రమంగా వెళ్లాలంటే మూడు దారులు ఉన్నాయి. ఇండోనేషియాలో చెల్లే ఇమిగ్రేషన్ పత్రాలున్న విదేశీయుడు 'హక్ పకై', అంటే వాడుకునే హక్కు కింద ఇల్లు తీసుకోవచ్చు. మొదట 30 ఏళ్లు, తర్వాత 20, మళ్లీ 30. దీనికి ప్రాంతాన్ని బట్టి కనీస ధర నిబంధన ఉంది. రెండోది, విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టి దాని పేరున నిర్మాణ హక్కు పొందడం. దానికి మొత్తం పెట్టుబడి 1,000 కోట్ల రూపియా దాటాలి, మన డబ్బులో ఐదు కోట్ల పైమాటే. చాలా వ్యాపారాల్లో స్థలం, కట్టడం విలువ ఆ లెక్కలోకి రాదు. ఒక చిన్న విల్లా కట్టుకుని అద్దెకిద్దామనుకునేవాడికి ఇది అందదు. మూడోది లీజు, సాధారణంగా 25 లేదా 30 ఏళ్లకు, డబ్బు మొత్తం ముందే కట్టి. మామూలు మనిషికి అందేది, చట్టం ఒప్పుకునేది ఇదే అని నా అభిప్రాయం. అయితే లీజు లీజే. పాతికేళ్ల తర్వాత అది మీది కాదు, కాలం గడిచేకొద్దీ దాని విలువ తగ్గుతుంది. 'స్థలం ధర పదేళ్లలో ఇన్ని రెట్లయింది' అని బ్రోకర్ చెప్పే లెక్క యజమానికి వర్తిస్తుంది, లీజుదారుకు కాదు. ఇక్కడి నుంచి డబ్బు పంపేవాళ్లకు ఆర్‌బీఐ ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే పథకం) పరిమితి ఏడాదికి 2.5 లక్షల డాలర్లు. అదీగాక దాన్ని విదేశీ ఆస్తిగా ఐటీ రిటర్నులో చూపాలి.

ఇండోనేషియా పౌరులకూ ఒక అడ్డు ఉంది. వ్యవసాయ భూమి యజమాని అదే ఉపజిల్లాలో గానీ, దాని పక్క ఉపజిల్లాలో గానీ నివసించాలని 1961 నుంచి నిబంధన. జకార్తా పెట్టుబడిదారులు లొంబోక్ పొలాలు కొనడానికి దాన్ని దాటవేస్తున్నారు, మళ్లీ బినామీలతోనే.

లీజుకైనా సరే, డబ్బు కట్టేముందు చూడాల్సినవి నిజానికి మన ఊళ్లో చూసేవే. సర్టిఫికెట్‌ను భూమి కార్యాలయంలో సరిచూపించాలి, దానిమీద తాకట్టు ఉందేమో, దావా ఉందేమో తెలుస్తుంది. భార్యాభర్తలిద్దరి సంతకాలు, వారసులందరి సంతకాలు ఉండాలి, మలేసియాలో ఉన్న అన్నది కూడా. కొలతలు వేసేటప్పుడు పక్క పొలాలవాళ్లను పిలవాలి. వాడ పెద్దను అడగాలి, కాగితంలో లేని తగాదాలు అతనికి తెలుస్తాయి. రోడ్డు నుంచి స్థలం దాకా దారి ఎవరిదో చూడాలి. జోనింగ్‌లో అది వరి భూమి అయితే విల్లాకు అనుమతి దొరకదు. నీళ్లు అన్నిటికన్నా ముఖ్యం. ఎండాకాలంలో ట్యాంకర్లు తిరిగే తీరంలో ఈతకొలనుతో విల్లా అంటే ఊరి బావులతో పోటీ పడటమే. 2018 జూలై, ఆగస్టుల్లో వచ్చిన భూకంపాల్లో లొంబోక్‌లో 500 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ నష్టం ఉత్తరాన జరిగింది గానీ, దక్షిణాన సముద్ర గర్భంలో పెద్ద భూకంప మండలమే ఉంది. 1977 ఆగస్టు నాటి సునామీ ఈ దీవుల తీరాలను తాకింది. గుట్ట మీది స్థలానికి రేటు ఎందుకు ఎక్కువని అడిగితే బ్రోకర్ సముద్రం బాగా కనిపిస్తుందనే చెబుతాడు. ఎత్తు వల్ల ప్రాణానికి కూడా లాభం ఉంది.

ఊరివాళ్ల వైపు నుంచి చూస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. ముందుగా అమ్మినవాళ్లు తక్కువకే అమ్మారు. భూమి అమ్మిన డబ్బుతో హజ్‌కు వెళ్లడం, పిల్లల పెళ్లి చేయడం, అప్పు తీర్చడం లొంబోక్‌లో కొత్త కాదు. అవన్నీ వాళ్లకు ముఖ్యమైన ఖర్చులే, వాటిని తప్పుపట్టడానికి లేదు. కానీ డబ్బు ఒకసారే వస్తుంది, పొలం ఏటా గింజలిచ్చేది. అదే స్థలంలో లేచిన హోటల్లో ఆ ఇంటి అబ్బాయి తోటమాలిగానో సెక్యూరిటీగానో చేరతాడు. ఇంగ్లిషు వచ్చిన పిల్లలు రిసెప్షన్‌కో, సర్ఫింగ్ నేర్పడానికో వెళ్తారు. టూరిజం వల్ల ఊరికి ఏమీ రాలేదనడం సరికాదు. కాని భూమి చేతిలో పెట్టుకుని ఉద్యోగం చేసేవాడికీ, భూమి పోగొట్టుకుని ఉద్యోగం చేసేవాడికీ జీతం బేరమాడే బలం ఒకటి కాదు.

అందుకే అమ్మడం కన్నా లీజుకివ్వడం మేలు. అందులోనూ ముప్పై ఏళ్ల డబ్బు ఒకేసారి తీసుకోవడం కన్నా, ఐదేళ్లకోసారి అద్దె పెరిగేలా రాసుకోవడం మేలు. కొనేవాళ్లు అలాంటి ఒప్పందానికి అంత తేలిగ్గా ఒప్పుకోరు. అయినా అడగాలి. బలమున్న ఊళ్లు, అంటే సర్టిఫికెట్లు ముందే తెచ్చుకున్న ఊళ్లు అడగగలుగుతాయి కూడా. ఆ సర్టిఫికెట్ల మీద ఆడవాళ్ల పేర్లు ఉండటం ఇంకా అవసరం. ససక్ కుటుంబాల్లో పొలం ఎక్కువగా కొడుకులకే వెళ్తుంది, కూతుళ్లకు వాటా తక్కువో, అసలు లేకపోవడమో జరుగుతుంది. ఒకే సర్టిఫికెట్‌లో ఉమ్మడి యజమానులుగా అందరి పేర్లూ రాయించడానికి ఇండోనేషియా చట్టంలో ఏ అడ్డూ లేదు. సామూహిక రిజిస్ట్రేషన్ బృందం ఊళ్లోకి వచ్చిన రోజున మలేసియాలో ఉన్న కొడుకు పేరుతోపాటు, ఇంట్లో ఉండి ఆ పొలంలో నాట్లూ కలుపులూ చేసిన కూతురి పేరు కూడా దరఖాస్తులో పడాలి. తర్వాత చేర్పించాలంటే కోర్టు మెట్లెక్కాల్సిందే.